చౌరస్తాకెక్కిన మోతి పరుపు

జనగామ చౌరస్తాలో దిష్టిబొమ్మ మీద పోయడానికి కిరోసిన్ డబ్బా మూత తిప్పుతున్నారు. మూత బిగుసుకుపోయి రావడం లేదు. ఆ కాస్త సందులో, జనం కాళ్ల మధ్య నుంచి నడుం కుంగిన ఒక ముసలి కుక్క మెల్లగా బయటికి వచ్చింది. బొమ్మను తల నుంచి కాళ్ల దాకా వాసన చూసింది. దాని చుట్టూ ఒకసారి తిరిగి, పొట్ట మీదికెక్కి పడుకుంది. బొమ్మ తల మీద గదుమ ఆనించి కళ్లు మూసుకుంది.

నినాదం సగంలో ఆగిపోయింది. జనం ముందు కుక్కను చూశారు. తర్వాత నన్ను చూశారు. ఆ కుక్క ఏ ఇంట్లో ఉంటుందో, ఆ ఇంట్లో అద్దెకుండే విలేకరి ఎవడో తెలియనివాడు ఆ చౌరస్తాలో లేడు. నేను కెమెరాను కంటికి అడ్డం పెట్టుకున్నాను. దాని బ్యాటరీ అప్పటికే అయిపోయింది. అయినా దాని వెనక నేనెవరికీ కనిపించననే నమ్మకం.

ఇంత ఘోరం ఎలా జరిగిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. పాఠకులు దయచేసి అప్పటిదాకా ఆ మూత అలాగే బిగుసుకుని ఉందనుకోండి.

తెలంగాణ కోసం ఊరూ వాడా రోడ్డెక్కిన రోజులవి. బస్సులు డిపోలు దాటడం లేదు, బడులు తెరవడం లేదు. బొగ్గు గనుల్లో సమ్మె, దాంతో కరెంటు కోతలు. నేను ఒక దినపత్రికకు జనగామ విలేకరిని. మల్లవ్వ ఇంట్లో ముందు గది నాది. వెనక రెండు గదుల్లో మల్లవ్వ, మోతి ఉండేవారు. మోతిని "అది" అంటే మల్లవ్వ ఊరుకునేది కాదు. "వాడు" అనాలి. నేనూ అదే అలవాటు చేసుకున్నాను.

మల్లవ్వ భర్త రైల్వేలో గ్యాంగ్‌మన్. మహబూబాబాద్‌లో పనిచేసే రోజుల్లో పట్టాల పక్కన దొరికిన కూనను అన్నం సంచిలో పెట్టుకుని రైల్లో జనగామ తెచ్చాడట. సంచిలోని మజ్జిగన్నం ఆ కూనే తినేసిందట. ఆ మనిషి పోయి చాలా ఏళ్లయింది. కూన ముసలివాడయ్యాడు. వెనక కాళ్లు బిగుసుకుపోయాయి. షాబాదు బండల మీద లేవబోతే కాళ్లు రెండూ చెరో వైపు జారేవి. కాసేపు ప్రయత్నించి, పడుకోవడమే తన అసలు ఉద్దేశమన్నట్టు మళ్లీ ఒరిగేవాడు. ఆ పరువు నిలుపుకునే తీరు చూస్తే నాకు మా ఎడిటర్ గుర్తొచ్చేవాడు.

మల్లవ్వ అక్క కొడుకు సమ్మయ్య భూపాలపల్లి బొగ్గుగనిలో పని చేసేవాడు. మంచి మనిషి. వచ్చినప్పుడల్లా మోతి పక్కన కూర్చుని వీపు నిమిరేవాడు. ఒకసారి అలా నిమురుతూనే అన్నాడు.

"చిన్నమ్మా, వాడు నొప్పితోని కుములుతుండు. సూడబుద్ధి అయితలేదు. డాక్టర్‌తోని మాట్లాడి సూది ఇప్పిద్దాం. సుఖంగ పోతడు."

మల్లవ్వ బియ్యంలో రాళ్లు ఏరడం ఆపలేదు. "నువ్వు మళ్ల వచ్చేటాల్లకు వాడు తన కాళ్లతోని గేటు దాటితే?"

"దాటితే ఇగ ఆ ముచ్చటే ఎత్తను."

"దాటకపోతే?"

సమ్మయ్య చేయి మోతి వీపు మీద ఆగింది. మల్లవ్వే అన్నది. "దాటకపోతే నువ్వు చెప్పినట్టే కానియ్యి."

అప్పుడు తలుపు దగ్గర నిలబడి వింటున్న మహానుభావుడొకడు గొంతు సవరించుకున్నాడు. "అవ్వా, నాకు వదిలెయ్. నేను నడిపిస్త."

ఆ ధైర్యం నాకు ఎక్కడిదని మీరు అడగవచ్చు. విలేకరి కాకముందు కొంతకాలం డెస్కులో ఆరోగ్యం పేజీ చూశాను. కీళ్ల మీద, నరాల మీద ఎన్ని వ్యాసాలు దిద్దానో లెక్కలేదు. కీళ్ల గురించి వాక్యాలు సరిచేసిన వాడికి కీళ్లు సరిచేయడం ఎంతసేపు?

మొదటి రోజు ఆముదం వెచ్చచేసి నడుముకు, తొడలకు మర్దన చేశాను. మోతికి అది ఎంత నచ్చిందంటే, నేను చేయి కడుక్కుని వచ్చేలోగా ఒంటి మీది ఆముదమంతా నాకేశాడు. తర్వాత జరిగింది నేను వర్ణించను. బండలు కడిగిన మల్లవ్వ రెండు రోజులు నాతో మాట్లాడలేదంటే చాలు.

రెండో ప్రయత్నంగా నా నడుం నొప్పి గోలీ సగం విరిచాను. అదృష్టం కొద్దీ, వేసేముందు పశువుల దవాఖానకు వెళ్లి డాక్టరును అడిగాను. ఆయన నా చేతిలోని గోలీని, నా ముఖాన్ని మార్చి మార్చి చూశాడు.

"గిది వేస్తే నొప్పి పోదు, కుక్క పోతది. కడుపు, కిడ్నీలు ఖరాబైతయి. మందు నేనిస్త, నేను చెప్పినంతే వెయ్యి. మిగతాదంతా నీ చేతుల్ల ఉన్నది."

"నా చేతుల్లనా సార్?"

"బండల మీద గోనె సంచులు పరువు, జారకుంట ఉంటడు. ఉప్పు మూటతోని కాపడం పెట్టు, ముందు నీ చెంపకు ఆనించి చూస్కో, కాలొద్దు. లేవలేనప్పుడు పొట్ట కింద నుంచి తువ్వాల వేసి లేపు. జరంత దూరమే నడిపియ్యి. తిండి తగ్గియ్యి, బాగ బరువున్నడు. పండుకోను మెత్తటి పరుపు చెయ్యి."

"నడుస్తడా సార్?"

"వయసును వాపస్ తెచ్చే మందు నా దగ్గర లేదు. ఉంటే ముందుగాల నేనే మింగుదును."

అన్నీ చేశాను. గోనె సంచులు పరిచాను. కాపడం పెట్టాను. మల్లవ్వ వావిలాకు వేసి కాచిన నీళ్లలో గుడ్డ ముంచి నడుముకు చుట్టేది. తిండి తగ్గించే బాధ్యత ఆమె తీసుకుంది. అంటే నా ముందు తక్కువ పెట్టి, నేను బయటికి పోగానే లోటు పూడ్చేది. మిగిలింది పరుపు. గోనెలో గడ్డి కుక్కితే మోతి దాని మీద పడుకోలేదు. పాత దుప్పటి వేస్తే పక్కకు జరిగాడు. చివరికి మల్లవ్వ పెట్టె తెరిచి భర్త ఖాకీ అంగి, ప్యాంటు తీసింది.

"ముసలోనివి. వాడు గుర్తువడతడు."

అంగిలో వరిగడ్డి కూరాను. ప్యాంటు కాళ్లలో కూరాను. రెండూ విడిపోకుండా నడుం దగ్గర సుతిలి తాడుతో కట్టాను. మోతికి గదుమ కింద ఎత్తు కావాలి కదా అని ఒక గుడ్డ మూట చుట్టి మెడ దగ్గర కుట్టాను. మోతి వచ్చి వాసన చూసి, పొట్ట మీద పడుకుని, ఆ మూట మీద గదుమ ఆనించి ఒక నిట్టూర్పు విడిచాడు. నేను గర్వంగా వెనక్కి జరిగి నా చేతిపనిని చూసుకున్నాను. రోజూ దిష్టిబొమ్మల వార్తలు రాసే నాకు, ఆ వస్తువు దేనిలా కనిపిస్తోందో తట్టనే లేదు. అప్పటికి.

మర్నాడు తట్టింది. తట్టకుండా ఉంటే ఎంత బాగుండేది.

ఆ రోజు చౌరస్తాలో సర్కారు దిష్టిబొమ్మ దహనం. ఉద్యమ కమిటీలో ముందుండే రాజన్న తల పట్టుకుని కూర్చున్నాడు. బొమ్మ కట్టేవాళ్లు మహబూబాబాద్ సభకు పోయి ఇంకా రాలేదు. నాకు అంతకంటే పెద్ద ఇబ్బంది. మధ్యాహ్నం కరెంటు పోతే సాయంత్రానికి గానీ రాదు. ఇంటర్నెట్ సెంటర్ మూతపడేలోగా ఫోటో పంపాలి. లేకపోతే జనగామ వార్త జిల్లా పేజీలో ఉండదు.

"రాజన్నా, ఫోటో వరకే అయితే మా ఇంట్ల ఒకటి ఉన్నది," అన్నాను.

"ఉన్నదా? ఎవలు కట్టిండ్రు?"

"నేనే. కాని కాల్చొద్దు. ఫోటో తీసినంక వాపస్ ఇయ్యాలె."

"తమ్మీ, అంతల మా వాళ్లొచ్చి వేరే బొమ్మ కడతరు. ఆ జిమ్మా నాది."

మల్లవ్వ మధ్యాహ్నపు కునుకులో ఉంది. మోతి గోనె మీద ఎండకు ఒరిగి ఉన్నాడు. పరుపును చంకన పెట్టుకుని దొంగలా బయటపడ్డాను. మోతి తల ఎత్తి చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. చౌరస్తాలో బొమ్మను ఎత్తి పట్టారు, ఫోటో తీశాను. నెట్ సెంటర్‌కు పరిగెత్తి, "చౌరస్తాలో దిష్టిబొమ్మను దహనం చేసి నిరసన తెలిపారు" అని నాలుగు వాక్యాలు రాసి పంపాను. ఇంకా కాల్చలేదు కదా అంటారేమో. కాల్చబోతున్నారు కదా. పంపు అన్న మీట నొక్కాను, కరెంటు పోయింది. నా అంత సమయజ్ఞానం కలవాడు ఈ వృత్తిలో లేడనుకుంటూ తిరిగి వచ్చాను.

వచ్చేసరికి మోతి పరుపు మెడలో చెప్పుల దండ ఉంది. జనం భుజాల మీద ఊరేగుతోంది.

"రాజన్నా, వేరే బొమ్మ ఏది?"

"రాలే తమ్మీ."

"మరి నాది నాకియ్యి."

"చెప్పుల దండ వేసి ఊరేగించిన బొమ్మను ఇంటికి పట్కపోతవా? పబ్లిక్ ఏమంటది?"

"అది కుక్క పండుకునే పరుపన్నా."

రాజన్న నన్ను జాలిగా చూశాడు. "ఎండ బాగున్నది. పోయి జర నీళ్లు తాగు."

ఇంతలో ఒక కానిస్టేబుల్ దూసుకొచ్చాడు. "ఖాకీ బట్టలేసిండ్రేంది? మా మీదనా?"

"మీ మీద కాదు సార్. రైల్వే ఖాకీ," అన్నాను.

"రైల్వేది నీ దగ్గరికెట్లొచ్చింది?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముసలాయన, పెట్టె, వావిలాకు, కాపడం, అన్నీ చెప్పాలి. నేను ముసలాయన దగ్గర మొదలుపెట్టేసరికి బొమ్మను రోడ్డు మధ్యలో పడుకోబెట్టి కిరోసిన్ డబ్బా అందుకున్నారు. మూత బిగుసుకుంది. మోతి వచ్చాడు.

ఇప్పుడు మనం మళ్లీ మొదటికి చేరాం.

"తమ్మీ, మీ కుక్కను లేపు," అన్నాడు రాజన్న.

"మోతీ, రా బిడ్డా," అన్నాను. మోతి ఒక కన్ను తెరిచి నన్ను చూసి మళ్లీ మూశాడు. పరుపు దొంగ పిలిస్తే ఎవరు లేస్తారు? కానిస్టేబుల్ లాఠీతో రోడ్డు మీద తట్టాడు. మోతి పన్ను చూపించాడు, ఉన్న నాలుగింటిలో ఒకటి. కానిస్టేబుల్ వెనక్కి జరిగాడు. రెండు వైపులా లారీలు ఆగిపోయాయి. గుంపులో ఎవరో అన్నారు. "మనం పొద్దుందాక కూసున్నా గింత పకడ్బందీగ రాస్తా రోకో కాలే."

అప్పుడు మోతిని వెతుక్కుంటూ మల్లవ్వ వచ్చింది. జనం దారి ఇచ్చారు. ఆమె బొమ్మ దగ్గర ఆగి, అంగి చూసింది. చెప్పుల దండ చూసింది. రాజన్నకు విషయం అర్థమై, తనే వంగి ఒక్కో చెప్పూ తీయడం మొదలుపెట్టాడు.

"గిది మా ముసలోని అంగి," అన్నది మల్లవ్వ. గొంతు పెంచలేదు. నా వైపు తిరిగింది. "కొడుకా, పెట్టెల ఇంకో అంగి ఉండె. చిరిగింది. అడిగితే అదిచ్చేదాన్ని గద."

మా పత్రిక మీద ఒట్టు, తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఆగిన లారీలలో ఒకటి భూపాలపల్లి నుంచి వచ్చిన లారీ. బస్సుల్లేక దాని ముందు సీట్లో కూర్చుని వచ్చిన సమ్మయ్య విసుగ్గా దిగాడు. జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"ఎవలే తొవ్వ బంద్ జేసింది?"

"మీ మోతి," అన్నాడు రాజన్న.

సమ్మయ్య మోతిని చూశాడు. ఇంటి వైపు చూశాడు. గేటు నుంచి చౌరస్తా దాకా ఉన్న ఆ వీధినంతా కళ్లతో కొలిచాడు. "వీణ్ని ఎవలు మోసుకొచ్చిండ్రు?"

మల్లవ్వకు కూడా అప్పుడే తట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎవలూ మొయ్యలే సమ్మయ్యా. వాడే వచ్చిండు."

సమ్మయ్య రోడ్డు మీదే మోతి పక్కన కూర్చుని వీపు నిమిరాడు. "సరే చిన్నమ్మా," అన్నాడు. అంతే. పరుపుతో సహా మోతిని ఇద్దరం మోసుకుంటూ ఇంటికి నడిచాం. వెనక జనం నినాదం అందుకున్నారు. అది రాష్ట్రం కోసమో మోతి కోసమో స్పష్టంగా చెప్పలేను.

మర్నాడు పత్రికలో ముసలాయన అంగి ఫోటోతో సహా దహనం వార్త వచ్చింది. నిన్నటి కానిస్టేబుల్ పత్రిక పట్టుకుని ఇంటికి వచ్చాడు. బూడిద ఎక్కడుందో చూడాలట. మోతి ఆ బూడిద మీద పడుకుని గురక పెడుతున్నాడు. కానిస్టేబుల్ పత్రికను, పరుపును చూసి, నన్ను మాత్రం చూడకుండా వెళ్లిపోయాడు. వార్త చదివించుకున్న మల్లవ్వ ఒక్కటే అడిగింది. "కాలకముందే కాలిందని రాసినవ్. నేను సావకముందే సచ్చిందని రాస్తవా ఏంది?"

ఆ రోజు మోతి తల మీద చేయి పెట్టి ప్రమాణం చేశాను. పొగ కళ్లారా చూడనిదే దహనం అని రాయను. మూగజీవి పరుపును ఎంతటి మహత్కార్యానికైనా అరువివ్వను. ఎవరి పెట్టెలోని అంగినైనా అడగకుండా ముట్టుకోను. ప్రమాణం పూర్తయ్యేలోగా మోతి నా చేయి కింద నుంచి తల లాక్కున్నాడు. ఆముదం వాసన ఇంకా పోలేదేమో.

మోతి ఆ తర్వాత చాలాకాలం ఉన్నాడు. కాపడం పెడితే హాయిగా పడుకునేవాడు, తువ్వాల పట్టి లేపితే వాకిట్లో నాలుగడుగులు వేసేవాడు. సమ్మయ్య సూది మాట మళ్లీ ఎత్తలేదు. ఆ రోజు వాణ్ని నడిపించింది ఏమిటో మాత్రం ఎవరికీ తెలియలేదు. తన మందు అన్నాడు డాక్టరు. నినాదాలన్నాడు రాజన్న. ముసలోని వాసన అన్నది మల్లవ్వ. నేను ఆముదం అని ఒకసారి అని ఊరుకున్నాను. పరుపును గేటు బయట పెట్టి కూడా చూశాం, ఒకటికి నాలుగుసార్లు. మోతి దానిని చూస్తూ వాకిట్లోనే కూర్చున్నాడు. ఆ గేటును వాడు తన కాళ్లతో మళ్లీ దాటలేదు.