పాయింట్లు విప్పేసిన అంబాసిడర్

దయ్యాల సంగతి ఎవరెత్తినా వాదనకు దిగే మనిషిని నేను. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్తాను. కరెంటు లేనిదే బల్బు వెలగదన్నది నా నమ్మకం, ఇప్పటికీ అంతే. కానీ మా అక్క ఇంట్లో జరిగిన ఈ ఒక్కదాని దగ్గర నా వాదన నిలవదు.

అక్కవాళ్ళది దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీ. బావ తన పాత అంబాసిడర్‌ను ప్రాణంలా చూసుకునేవాడు. పొద్దున్నే స్టార్ట్ చేసి, గేటు దాటే ముందు రెండుసార్లు రేస్ ఇచ్చేవాడు. వంటింట్లో ఉన్న అక్కకు "పోయొస్త" అని చెప్పడం అన్నమాట. పెట్రోలు దండగ అని నేను పోట్లాడేవాణ్ణి.

పోయినేడు ఒక ఉదయం బావకు గుండెనొప్పి వచ్చింది. ఆటోలో దవాఖానకు తీసుకెళ్ళాం. మళ్ళీ ఇంటికి రాలేదు. అప్పట్నుంచి అక్కది ఒకటే మాట: "ఒక్క మాటన్న చెప్పకుండ పోయిండు తమ్మీ." ఆ బాధతో తిండి మానేసి సగమైపోయింది. ఈమె కూడా దక్కదేమోనని నాకు భయం పట్టుకుంది.

కళ్ళెదుట కారు లేకపోతే కాస్త మరుస్తుందని, అమ్మేద్దామని ఒప్పించాను. ఎల్బీనగర్ ఆయనొకడు కొంటానన్నాడు. మొరాయించకుండా స్టార్ట్ కావాలన్నాడు. పాత పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ బిగిద్దామని ఆదివారం మధ్యాహ్నం పనికి కూర్చున్నాను.

ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి. ఇంజన్‌కు స్పార్క్ అందాలంటే ఆ పాయింట్లు ఉండాలి. వాటిని విప్పి పేపరు మీద పెట్టాను. ఆ స్పార్క్‌ను పంచే డిస్ట్రిబ్యూటర్ మూత కూడా తీసి పక్కన పెట్టాను. బ్యాటరీ వైరు అంతకుముందే విప్పేశాను. కిట్‌లోని ఎర్ర వైరుకు సరిపడే క్లిప్పు దొరకక, తాళంచెవి జేబులో వేసుకుని చంపాపేట్ దుకాణానికి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి అక్క గేటు దగ్గర నిలబడి ఉంది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి గానీ, మొహం తేటగా ఉంది.

"బండి స్టార్టయింది తమ్మీ. రెండుసార్లు రేస్ ఇచ్చిండు."

పాపం, భ్రమ అనుకున్నాను. గల్లీలో ఇంకేదో బండి అయ్యుంటుందని సర్దిచెప్పబోయాను. ఇంతలో పైన కిరాయికుండే విజయవాడ ఆవిడ బాల్కనీలోంచి పలకరించింది. "కారు బాగైపోయిందాండీ? ఇందాక పొగంతా మా ఇంట్లోకొచ్చేసింది."

వెళ్ళి చూశాను. పాయింట్లు పేపరు మీదే ఉన్నాయి. బ్యాటరీ వైరు విప్పింది విప్పినట్టే ఉంది. ఇంజన్ మీద చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి తీసుకున్నాను. కాలింది. ఎండకు అనుకుందామంటే కారు ఉన్నది పోర్టికో నీడలో.

కిట్ బిగించి, బ్యాటరీ వైరు మళ్ళీ తగిలించాను. ఎర్ర వైరు, నల్ల వైరు తారుమారైతే కిట్ కాలిపోతుంది, అందుకని మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. ఒక్క తిప్పుకే స్టార్టయింది. సాయంత్రం కొనేవాడు వచ్చాడు. నాకే అమ్మబుద్ధి కాలేదు. వద్దంటే ఆయన్ను పంపించేస్తానని అక్కతో అన్నాను.

"ఎందుకురా? ఇగ చెప్పే పోయిండు గద" అంటూ తాళంచెవి తనే ఆయన చేతిలో పెట్టింది.

ఆ రోజు అక్క అడిగి మారన్నం పెట్టించుకుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ ఇంజన్ ఎట్లా తిరిగిందో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలిసిన పాఠాలన్నీ తిరగేశాను, దారి దొరకలేదు. ఎప్పుడైనా ఆ మాటెత్తితే అక్క నవ్వుతుంది.

"నీకు చెప్పిండా ఏంది, నీకు సమజ్ గానీకి?"