నా మెడ మీద ఓటింగు

నానక్‌రామ్‌గూడలోని మా ఆఫీసులో బిర్యానీ ఎక్కడ తినాలన్నా వాట్సాప్ గ్రూపులో ఓటింగే. పోయినేడు నా థైరాయిడ్‌లో గడ్డ బయటపడింది. క్యాన్సర్ కాదనీ, కోత లేకుండా సూదితో వేడి పెట్టి తగ్గించవచ్చనీ తేలింది. అంతే, మా మేధావులు ఆ వేడి దేనితో పెట్టాలి, లేజరా, మైక్రోవేవా, రేడియోఫ్రీక్వెన్సీనా అని ఓటింగు పెట్టారు.

“మైక్రోవేవే జల్ది అయితది అక్కా! ప్యాంట్రీల డబ్బా వేడి చేస్తలేమా?” అన్నాడు పక్క సీటు నరేశ్. మైక్రోవేవే గెలిచింది!

ఆ సంగతి చెబితే డాక్టరుగారు నవ్వలేదు. “గడ్డ మీ గొంతు నరానికి దగ్గరగా ఉందండి. వేడి తగిలితే మాట పోవచ్చు. నాకు బాగా అలవాటైన రేడియోఫ్రీక్వెన్సీతోనే చేస్తాను” అన్నారు.

ఆసుపత్రి బల్ల మీద, మెడకు మాత్రమే మత్తిచ్చి సూది గుచ్చిన డాక్టరుగారు “ఏదైనా మాట్లాడండమ్మా, గొంతు బాగుందో లేదో చూడాలి” అన్నారు. నోరు పెగల్లేదు. మాట పోయిందనే అనుకున్నాను. అప్పుడు నరేశ్ గుర్తొచ్చాడు.

“మెడ నాదైతే ఓట్లు మీవేందిరా, వెధవల్లారా!”

“గొంతు బ్రహ్మాండంగా ఉందండి” అన్నారు డాక్టరుగారు.

తిరిగి ఆఫీసుకు వెళ్లగానే నరేశ్ అడిగాడు: “ఎట్లుందక్కా? గ్రూపుల రివ్యూ పెట్టరాదు?”

బల్ల మీద అన్న మాటే మళ్లీ అన్నాను. ఈసారి ఫ్లోరంతా వినపడేలా.