కాంపౌండరమ్మ పొట్లాల చప్పుడు

తప్పు నాదే. తర్వాత ఎవరూ నిలదీయకుండా ముందే ఒప్పుకుంటున్నాను. కమలకుమారిగారిని అడగకుండా ఫోనులో వీడియో తీసింది నేను, దాన్ని ఊరంతటికీ చూపించింది నేను. ఆమె ఉద్యోగం ఊడే దాకా వచ్చిందంటే అదంతా నా చేతి దురద వల్లే.

గన్‌ఫౌండ్రీలో ఒక సందు చివర డాక్టర్ విద్యాసాగర్ గారి హోమియో దవాఖాన ఉంది. రెండే గదులు. లోపలి గదిలో డాక్టరుగారు, ముందు గదిలో మూడు బెంచీలు, ఒక మూల కమలకుమారిగారి బల్ల. రెండు గదుల మధ్య ఇటుక గోడ కాదు, చెక్కగోడ. అందులో పుస్తకమంత కిటికీ. డాక్టరుగారు రాసిన చీటీ ఆ కిటికీలోంచి ఇవతలికి వస్తుంది, ఆవిడ మందు కట్టి ఇస్తుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే వరస. వచ్చేవాళ్ళంతా ఆమెను కాంపౌండరమ్మ అంటారు. నేను ఆంటీ అంటాను.

నేను పక్క వీధిలో ఒక బ్యాంకులో పనిచేస్తాను. కౌంటరు ముందు జనం, బయట ఆబిడ్స్ హారన్లు, వెరసి నెలకు రెండుసార్లు తల పగిలిపోతుంది. డాక్టరుగారి తెల్ల గోళీలు ఎంత పనిచేశాయో దేవుడికే తెలియాలి. నాకు మాత్రం ఆ బెంచీ మీద కూర్చోగానే సగం నొప్పి పోయేది. చాలాకాలం అది మందు మహిమే అనుకున్నాను, ఇంకా మందు మింగనే లేదన్న సంగతి మరిచిపోయి!

మహిమంతా ఆంటీ చేతుల్లో ఉంది. పల్చటి తెల్లకాగితం బల్ల మీద పరిచి, స్టీలు స్కేలు ఆనించి సర్రున చింపుతుంది. ముక్కల్ని వరసగా పేర్చి ఒక్కోదాంట్లో చిటికెడు పొడి వేస్తుంది. సీసా బిరడా టుప్పుమంటుంది. మందు చుక్క పడుతుంది. కాగితం మడిచి, ఆ మడత మీద బొటనవేలి గోరుతో గీస్తే సన్నగా గరగరమంటుంది. అన్నీ అయ్యాక రోగి వైపు వంగి, "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. నాలిక మీద వేసుకోండి. కాఫీ తాగకండి, ఏం?" అని గుసగుసగా చెబుతుంది. చెక్కగోడ పైకప్పు దాకా లేదు. అవతల ఎవరో తమ రోగం చెప్పుకుంటూ ఉంటారు కనుక ఇవతల ఎవరూ గొంతు పెంచరు.

ఆ చప్పుళ్ళకు నా నడినెత్తిన చిన్న జలదరింపు మొదలై, మెడ మీదుగా వీపులోకి పాకేది. అమ్మ నా జడ విప్పి పాయలు తీస్తున్నట్టు ఉండేది. ఇది నాకొక్కదానికే ఉన్న పిచ్చేమోనని భయం. ఒకసారి ఇంట్లో చెప్పబోతే మా ఆయన, "కాగితం చింపితే మంచిగనిపిస్తదా? నీకు నిజంగనే దవాఖాన కావాలె పో!" అని పళ్ళికిలించాడు. ఒళ్ళు మండి వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత ఫోనులో వెతికితే నాలాంటివాళ్ళు లోకమంతా ఉన్నారు. దీనికి ఏఎస్‌ఎంఆర్ అని పేరు కూడా పెట్టారు. గుసగుసలు, కాగితాల గరగర, దువ్వెన పళ్ళ చప్పుడు, తువ్వాళ్ళు మడతపెట్టడం, వీటికే గంటల కొద్దీ వీడియోలు! ఇంకేం, పుణ్యం చేస్తున్నాననుకుని ఒక శనివారం ఆంటీ చేతులు మాత్రమే కనబడేలా ఎనిమిది నిమిషాలు తీసి పెట్టేశాను.

రెండు వారాల్లో నాలుగు లక్షల మంది చూశారు. ముఖం కనబడకపోతే చాలనుకున్నాను గానీ, పొట్లాలు పెట్టే కవరు మీద దవాఖాన పేరు అచ్చేసి ఉందన్న జ్ఞానం నాకు లేకపోయింది. రోగమూ రొష్టూ లేనివాళ్ళు నాంపల్లి మెట్రో దిగి వచ్చి బెంచీల మీద చేరారు. కొందరు అక్కడే కూర్చుని ఆ వీడియోనే పెద్ద చప్పుడుతో పెట్టుకునేవారు. ఎదురుగా మనిషి అదే పని చేస్తుంటే మళ్ళీ ఫోనులో చూడటమేమిటో!

మూడో వారం సోమవారం మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ఆంటీ బల్ల మీద ఒక అట్టపెట్టె ఉంది. నిండా వేలెడంత ప్లాస్టిక్ కవర్లు.

"ఏంది ఆంటీ ఇవి?"

"ఒకటో తారీకు నుంచి మందు వీటిలో పోసిస్తారట. డాక్టరే పోసిస్తాట్ట. పొట్లాలక్కర్లేదు, నేనూ అక్కర్లేదు. 'జమానా మారింది కమలమ్మా, మీరు గూడ అలిసిపోయిన్రు, ఆరాం చేయుండ్రి' అన్నాడు."

వీడియో తీసింది నేనేనని ఆమెకు తెలుసు, నేనే చెప్పి చీవాట్లు కూడా తిన్నాను. "ఇప్పుడే తీసేస్తా ఆంటీ, ఒక్క నిమిషం" అని ఫోను బయటికి తీశాను.

"తీశావంటే ఊరుకోను" అంది. అదీ గుసగుసలోనే. "ఇప్పుడు తీసేస్తే నేనేదో తప్పుడు పని చేసినట్టవుతుంది. ఉండనీ. వెళ్ళమంటే వెళ్తాను గానీ, ఎందుకు వెళ్ళమన్నాడో ఆయన నోటితో చెప్పించుకునే వెళ్తాను. పోయినసారి అడక్కుండా ఊరుకున్నాను. ఆ తప్పు మళ్ళీ చెయ్యను."

పోయినసారి అంటే ఎప్పుడు అని అడిగాను. అప్పుడు చెప్పింది ఈ చెక్కగోడ సంగతి.

కమలకుమారిగారి అత్తవారిది గుంటూరు వైపు. మామగారు పందొమ్మిది వందల యాభై ఆరులో కొత్త రాష్ట్రం సర్కారు కచేరీలతో పాటు గుమాస్తాగా ఇక్కడికి వచ్చి నాంపల్లిలో స్థిరపడ్డారు. ఆంటీకి ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు భర్త పోయారు. ఏడాది తిరక్కుండా ఈ ఉద్యోగంలో చేరింది.

"అప్పుడు నా బల్ల లోపల, ఆయన బల్ల పక్కనే ఉండేది. నేను పొట్లం కట్టినప్పుడల్లా ఆయన మొహం అటు తిప్పుకునేవాడు. పదో రోజున వడ్రంగిని పిలిపించి ఈ గోడ కొట్టించాడు. నన్ను ఇవతల కూర్చోబెట్టాడు. ఎందుకో చెప్పలేదు. చెప్పాలా ఏం? మొగుడు పోయినదాని మొహం ఎదురుగా ఉంటే మంచిది కాదని. బెంచీల మీద వాళ్ళూ అదే అనుకున్నారు. 'పాపం' అని నాకు వినబడేట్టే అన్నారు."

"మరి ఎందుకు మానెయ్యలే?"

"మానేస్తే ఆ మాట నిజమని నేనే ఒప్పుకున్నట్టు కాదూ? తాళంచెవి నేనే అడిగి తీసుకున్నాను. వాన కానీ, కర్ఫ్యూ సడలించిన రోజు కానీ, అందరికంటే ముందొచ్చి తలుపు నేనే తీశాను. రోజూ పొద్దున ఆయన చూసే మొదటి మొహం నాదే కావాలని! ఏం నష్టపోయాడు? ఇద్దరు పిల్లల పెళ్ళిళ్ళు చేశాడు, నారాయణగూడలో ఇల్లు కట్టాడు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, డాక్టరు మీద కోపం కూడా వచ్చింది. పదేళ్ళుగా ఆయనకు నమస్కారం పెడుతున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

"సరే, ఆ వీడియో కింద జనం ఏమంటున్నారో చదువు" అంది ఆంటీ. చదివాను. తలలో చల్లగా ఉందని, నెలల తర్వాత కంటినిండా నిద్రపోయానని సగం మంది. ఒళ్ళంతా చీమలు పాకినట్టుంది, బాబోయ్ ఆపండి అని ఇంకొందరు. ఇందులో ఏముందని చూస్తున్నారు, వింత మనుషుల్లారా అని మిగతావాళ్ళు.

"అదేమిటే? చేతులు అవే, కాగితం అదే కదా!"

నేను చదివింది చెప్పాను. కొందరి మెదడులో చెవికి వినబడేదీ ఒంటికి తగిలేదీ ఒకదానితో ఒకటి అల్లుకుని ఉంటాయేమో, అందుకే చప్పుడు వింటే ఎవరో తల నిమిరినట్టుంటుందేమో అంటున్నారు. ఎవరో మన కోసమే నెమ్మదిగా, శ్రద్ధగా పని చేస్తున్నారన్న భావనే హాయి అని ఇంకొందరంటున్నారు. అదే చప్పుడు కొంతమందికి నరకం. చాలామందికి ఏమీ కాదు. ఎవరికి ఎందుకలా అవుతుందో ఇంకా ఎవరూ పూర్తిగా తేల్చలేదు.

"అయితే మనమే తేల్చుదాం" అంది.

మర్నాడు పొద్దున నేను అరపూట సెలవు పెట్టి వెళ్ళాను. బెంచీల మీద ఏడెనిమిది మంది ఉన్నారు. ఆంటీ లేచి నిలబడి, కాగితం మీద స్కేలు పెట్టి సర్రున చింపింది. గోటితో మడత గీసింది. "దాచకుండా చెప్పండి, ఏమనిపిస్తోంది?" అని ఒక్కొక్కరినీ గుసగుసగానే అడిగింది. రిటైరైన టీచరు అనసూయమ్మ, "నాకైతే కండ్లు మూతపడుతున్నయమ్మా" అంది. ముగ్గురు ఏమీ లేదన్నారు. గుమ్మం బయట మెట్ల మీద బిచ్చయ్య కూర్చుని ఉన్నాడు. నాంపల్లి స్టేషను దగ్గర పూలమ్ముతాడు, మోకాళ్ళ నొప్పులకు ఏళ్ళ తరబడి వస్తున్నాడు.

"నీకేమనిపిస్తోంది బిచ్చయ్యా?" అని ఆంటీ మళ్ళీ చింపింది.

"అమ్మా, జర ఆపుతవా! పండ్లు జివ్వుమంటున్నయ్!" కుడి భుజం ఎత్తి చెవికి అదిమిపెట్టుకుని, మొహం అటు తిప్పుకున్నాడు. "ఇన్నేండ్లసంది చెప్పలె, నువ్వేమన్న అనుకుంటవని. గందుకే లోపల జాగున్నా నేను గీడనే కూసుంట."

ఆంటీ చేతిలో స్కేలు అలాగే ఆగిపోయింది. బిచ్చయ్య భుజం వంక చూస్తూ ఉండిపోయింది. తర్వాత చెక్కగోడ వంక చూసింది. అవతల డాక్టరుగారి ఫ్యాను గడగడలాడుతోంది. డిసెంబరు నెలలో, నేను శాలువా కప్పుకుని కూర్చున్నాను, ఆయన గదిలో ఫ్యాను! ఆ ఫ్యాను ఏ చలికాలమూ ఆగలేదని నాకు అప్పుడే తట్టింది.

"అప్పట్లో డాక్టరూ భుజం అట్లాగే ఎత్తేవాడు" అంది ఆంటీ. కాగితం, స్కేలు పట్టుకుని నేరుగా లోపలికి నడిచింది. నేనూ వెనకే పరుగెత్తాను.

డాక్టరుగారు ఒక్కరే ఉన్నారు. ఆవిడ వెళ్ళి ఫ్యాను ఆపేసి, ఆయన బల్ల మీద కాగితం పరిచి సర్రున చింపింది. ఆయన భుజం చెవి దాకా లేచింది. ముంజేతి మీద తెల్ల వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం నా కళ్ళతో చూశాను.

"ఆపుండ్రి కమలమ్మా! దండం పెడత!"

"ఎప్పటినుంచి ఇది?"

ఆయన తల వంచుకున్నారు. "చిన్నప్పటిసంది. మా నాయిన కిరాణా దుకాణంల పొట్లాలు కడుతుంటే బయటికి ఉరికెటోణ్ణి. డాక్టరై ఉండి కాగితం చప్పుడుకు వణుకుతనంటే ఎవరన్న నవ్వరా? మీ పని మంచిగుండె, మిమ్మల్ని పొమ్మనబుద్ధి కాలె. గందుకే గోడ కొట్టించిన, ఫ్యాను పెట్టుకున్న. ఇన్నేండ్లు ఎట్లనో నడిచింది. గిప్పుడా వీడియో వచ్చినంక ఏ ఫోనుల చూసినా గదే చప్పుడు. మా మనవరాలు గూడ అదే పెట్టుకుని పంటున్నది. ఇగ నాతోని అయితలేదు."

ఆంటీ రోగులు కూర్చునే స్టూలు మీద కూలబడింది. నోరు తెరిచాక ఇక ఆగలేదు, అదీ గుసగుసలోనే.

"ఒక్క మాట! ఒక్క మాట చెప్పి చావచ్చు కదండీ! మొగుడు పోయినదాన్నని అవతల పడేశారనుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళు! రోజూ ఆ గోడ చూసి నా మొహం అంత చెడ్డదా అనుకున్నాను!"

డాక్టరుగారు లేచి నిలబడిపోయారు. "రామ రామ! నేను గట్ల అనుకుంటనా?"

"నేను అనుకున్నాను. ఊరంతా అనుకుంది."

ఆయన మొహం పాలిపోయింది. రెండు చేతులూ జోడించారు. "నన్ను మాఫ్ చేయుండ్రి. ఆ ప్లాస్టిక్ కవర్ల డబ్బా ఇయ్యాలనే వాపస్ పంపిస్త. మీ బల్ల మీదే, మీ పని మీదే. నా తిప్పలు నేను పడత."

ఇంకొకరైతే అంతటితో సరే అనేవారు. నేనైతే ఏడ్చి, ఆయన్ని కూడా ఓదార్చి వచ్చేదాన్ని. ఆంటీ లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"మాఫీ నాక్కాదు. బయటికి రండి. వాళ్ళకి చెప్పండి."

"అందరి ముంగటనా? గిదేంది కమలమ్మా, నవ్వుతరు!"

"నవ్వనీయండి. నన్ను చూసి ఇన్నేళ్ళు జాలిపడ్డారు. మిమ్మల్ని చూసి ఒక్కపూట నవ్వితే ఏం పోయింది?"

ఆయన నా వంక చూశారు, నేను అడ్డం పడతానేమోనని. నేను తలుపు పూర్తిగా తెరిచి పక్కకు తప్పుకున్నాను.

డాక్టరుగారు ముందు గదిలోకి వచ్చి చెక్కగోడకు ఆనుకుని నిలబడ్డారు. అందరూ లేవబోతే కూర్చోమని చెయ్యూపారు. "ఈ గోడ... నా గురించి కొట్టించుకున్నది. నాకు కాగితం చప్పుడు పడదు, పానం పోయినట్లయితది. గంతే. ఆమె మొఖంల ఏ దోషం లేదు. నేను ముందుగాల్నే చెప్పకపోవుడు నా తప్పు" అన్నారు.

ఎవరూ నవ్వలేదు. అనసూయమ్మ చూపు నేల మీద ఉంది.

"గంతేనా సారూ!" అన్నాడు గుమ్మంలోంచి బిచ్చయ్య. "మేమంత ఇన్నేండ్లు కాంపౌండరమ్మను..." అని నాలుక కరుచుకుని తల దించుకున్నాడు.

ఆంటీ తన బల్ల వెనక నిలబడే ఉంది. ఒక్కొక్క బెంచీ మీద వాళ్ళనీ వరసగా చూసింది.

"వెనక బెంచీ వాళ్ళకి వినబడలేదు డాక్టరుగారూ, ఇంకోసారి చెప్పండి" అంది. గుసగుసగా కాదు. ఆ గదిలో ఆమె అసలు గొంతు వినడం నాకు అదే మొదటిసారి. డాక్టరుగారు గొంతు సవరించుకుని, మొదటి నుంచి మళ్ళీ చెప్పారు, ఈసారి గట్టిగా.