కింది గుడ్డకు అంచు

రెండు వేల ఇరవై మూడులో ఎమ్మిగనూరులోని మా మగ్గం ఇంటికి ఎన్గోజి అనే పిల్ల వచ్చింది. నైజీరియా దేశంలో ఇగ్బో అనే జనం ఉన్నారట, ఆమె వాళ్ళ పిల్ల. కర్నూలులో నాలుగేళ్ళు చదివి మన మాట నేర్చుకుంది. సంచిలోంచి రెండు నూలుగుడ్డలు తీసింది. రెండింటికీ అంచు పొడవునా తాబేళ్ళ వరుస. ఒకటి ఇస్త్రీపెట్టెకు కాలిపోయింది.

"ఇవి జత అవ్వా. మా అమ్మ నేసింది. అమ్మ ఇప్పుడు లేదు. నా పెండ్లికి రెండూ ఒకదాని మీద ఒకటి కట్టుకోవాల. కాలింది కింది గుడ్డ. అట్లాంటిదే నేసిస్తావా?"

తాబేళ్ళు బుటా పని. అంటే అడ్డంగా పోయే మామూలు పేక కాక, బొమ్మ కోసం రంగునూలు చేత్తో ఎక్కించాలి. కింద ఉండేదానికి ఇంత పనెందుకు, ఆ దేశంలో నూలు చవకేమో అనుకున్నాను. మగ్గం మీద చీరకు సరిపడా నిలువునూలు, పడుగు వేసి, అందులో రెండు గజాలు అంచు లేకుండా సాదాగా నేశాను. ఆ పిల్లను ఒక్క మాటా అడగలేదు.

పన్నెండో రోజు వచ్చి చూసింది.

"తాబేళ్ళు యాడ పోయినాయి?"

"లోపలుండేదాన్ని ఎవరు సూస్తారే? నూలు దండగ."

ఆమె నేను నేసినది చీలమండల దాకా చుట్టుకుంది. వాళ్ళమ్మ గుడ్డను మడిచి, దానిపైన మోకాళ్ళ దాకా కట్టింది. పైన తాబేళ్ళు, వాటి కింద నా బోసి గుడ్డ.

"మా తట్టు పెండ్లయినామె రెండంచులూ కనపడేట్టు కడతాది అవ్వా. ఇట్ల పోతే లంగా జారిందంటారు."

నిజంగా అట్లాగే ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది.

"నువ్వు తిరిగి పోయే బస్సు ఎప్పుడు?" అన్నాను.

"ఎల్లుండి సాయంత్రం."

చీర పడుగు కాబట్టి మగ్గం మీద ఇంకా మిగిలి ఉంది. "నూలు కండెలు సుట్టనొచ్చునా నీకు?" అన్నాను.

"మా అమ్మకు నేనే సుట్టేదాన్ని."

రెండు రోజులూ ఆమె రాట్నం దగ్గర, నేను మగ్గం కింద కాళ్ళు పెట్టే గుంటలో. వాళ్ళ ఊళ్ళో మగ్గాన్ని గోడకు నిలబెడతారట, నేసేది ఆడవాళ్ళేనట. మా ఇంట్లో ఆడవాళ్ళకు కండెలే; మా ఆయన పోయాకే నేను మగ్గం ఎక్కాను.

"మరి మీ మగోళ్ళేం సేస్తారే?"

"బాగుందంటారు."

"అదన్నా అంటారు. మా ఆయన అదీ అన్లేదు."

బస్సు రోజు మధ్యాహ్నం గుడ్డ మగ్గం దిగింది. రెండూ కట్టుకుని, వంగి కింది తాబేళ్ళను, పైవాటిని వేలితో తడిమింది. "ఏది మా అమ్మదో కట్టినాక తెలీడంలేదవ్వా" అంది. నలభై ఏళ్ళ పనిలో నాకు దక్కిన మెప్పు అదొక్కటే.

ఇప్పుడు ఎవరు ఏ గుడ్డ అడిగినా, పడుగు వేయకముందే నిలబెట్టి "కట్టి సూపించు" అంటాను. ఆ బోసి గుడ్డ అమ్మితే ఎవరైనా కొనేవాళ్ళే. అమ్మలేదు. పని ముగిశాక మగ్గం మీద కప్పుతాను. పొద్దున దాన్ని తీసిన తరువాతే గుంటలోకి దిగుతాను.