వీపు కడుక్కోని మనుషులు

ఇద్వాల్, ఎమ్రిస్ ఒకే ఏడు బొగ్గుగనిలోకి దిగారు. వేల్స్ లోయలో మీసం రాకముందే బడి ముగిసిపోయేది. ఇద్దరూ పక్కపక్కనే తవ్వారు, ఒకే డబ్బాలో రొట్టె తిన్నారు. సాయంత్రం పొయ్యి ముందు తొట్టెలో కూర్చుని ఒళ్లంతా తోముకునేవాళ్లు, వీపు తప్ప. వీపు తడిస్తే వెన్నులో సత్తువ పోతుందని గనివాళ్ల నమ్మకం.

ఎమ్రిస్‌కి నోరుంది. కార్మిక సంఘం, పార్లమెంటు, చివరికి దేశానికే ప్రధానమంత్రి. ఇద్వాల్‌కి మిగిలింది దగ్గు.

గనులు మూతపడ్డ కాలంలో ఆ ప్రధానే పనిలేనివాళ్ల భృతికి కోత పెట్టాడు. ఇద్వాల్ అల్లుడు పెళ్లికోటు అమ్ముకున్నాడు. "ఎమ్రిస్ లండన్‌లో వీపు కడుక్కున్నాడ్రా, అందుకే వెన్ను విరిగింది" అని బీరుకొట్టులో నవ్వారు. ఇద్వాల్ కూడా నవ్వాడు.

ఎన్నికల్లో చిత్తుగా ఓడి ఒక శనివారం ఎమ్రిస్ ఊరొచ్చాడు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఇద్వాల్ ఇంట్లోకి మాత్రం పాత అలవాటుగా తట్టకుండానే వచ్చేశాడు. ఇద్వాల్ తొట్టెలో ఉన్నాడు.

"రేపు ప్రార్థనకి నీ పక్కన చోటుందా? లేదంటే ఇప్పుడే రైలెక్కుతా. మళ్లీ రాను."

"మా అల్లుడి కోటు తెచ్చావా అన్నా?" అంది ఇద్వాల్ భార్య బ్లాడ్వెన్.

"లేదమ్మా. ఖజానా ఖాళీ అన్నారు, నమ్మాను. మీ పొట్టలు కొట్టాను."

ఇద్వాల్ సబ్బు పక్కన పెట్టాడు. "వీపు కడుక్కున్నావా?"

"ఏంటి?"

"లండన్‌లో. పెద్ద తొట్లుంటాయిగా."

"జ్వరమొస్తే ఓ నర్సు కడగబోయింది. చెయ్యి పట్టుకుని ఆపేశా. పిచ్చోణ్ణనుకుంది."

బ్లాడ్వెన్ నవ్వాపుకోలేక పొయ్యివైపు తిరిగింది.

"నీ మీద కోపం పోలేదురా" అన్నాడు ఇద్వాల్. "పోదు కూడా."

"తెలుసు."

"మందిరంలో మా బెంచీ చివర చలిగాలి కొడుతుంది. గోడవైపు కూర్చో."

మర్నాడు ప్రార్థనమందిరంలో ఆ బెంచీ మీద వాళ్లిద్దరే. ఇద్వాల్‌కి దగ్గుతెర వస్తే ఎమ్రిస్ అతని వీపు నిమిరాడు. కోటు లేని అల్లుడు ఆలస్యంగా వచ్చాడు. మామ పక్కన ఖాళీ చూశాడు, చూసి వెనక బెంచీలో కూర్చున్నాడు. ఇద్వాల్ వెనక్కి తిరగలేదు. ఎమ్రిస్ పక్కనుంచి లేవనూ లేదు.