చేతుల్లేని అంగీ

నా చిన్నప్పుడు మా చర్చిలో దేవుడి తర్వాత మాట మా తాతయ్యది. బిషప్‌గారు ఎప్పుడో ఏడాదికోసారి కారులో వచ్చి, దండ వేయించుకుని, భోజనం చేసి వెళ్లేవారు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, న్యాల్‌కల్ వైపు పల్లెల్లోని చర్చిలన్నీ సైకిల్ మీద తిరుగుతూ, మా జహీరాబాద్‌కు నెలకొక ఆదివారం వచ్చి సంస్కారం, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చిపోయేవారు. మిగిలిన ఆదివారాలన్నీ సంఘ పెద్ద అయిన మా తాతయ్యవే. ప్రార్థన ఆయనే చేయించేవాడు, పాట ఆయనే ఎత్తుకునేవాడు. ఎవరు ముందుకు వచ్చి రొట్టె తీసుకోవచ్చో, ఎవరు వెనక చాప మీద కూర్చోవాలో కూడా ఆయనే చెప్పేవాడు.

ఆ వెనక చాప గురించి చెప్పాలి. తప్పు చేశాడని పెద్దలు తేల్చిన మనిషి తలుపు పక్కన వేసిన ఈత చాప మీద కూర్చోవాలి. అందరూ వరసగా రొట్టె తీసుకోవడానికి వెళ్తుంటే చూస్తూ కూర్చోవాలి. సంఘం ముందు నిలబడి క్షమాపణ అడిగి, పెద్దల ప్రశ్నలకు జవాబు చెప్పి, వాళ్లు సరేనన్నాక గాని మళ్లీ ముందుకు రాకూడదు. తాగి భార్యను కొట్టినవాడూ, అత్తను ఎదిరించిన కోడలూ అదే చాప మీద పక్కపక్కన కూర్చునేవారు.

తాతయ్య నాకు చెడ్డవాడు కాదు. చెరకు గడ ఒలిచి ముక్కలు చేసి పెట్టేవాడు. జ్వరం వస్తే నా మంచం పక్కనే పడుకునేవాడు. వాక్యాలు నేర్పేవాడు, బాప్తిస్మం గురించి, సంస్కారం గురించి ప్రశ్నలు వేసి జవాబులు చెప్పించేవాడు. పాస్టరు లేని చోట బిడ్డ ప్రాణం పోతుంటే బాప్తిస్మం ఎవరివ్వాలి అని అడిగితే, నమ్మిన మనిషి ఎవరైనా నీళ్లు పోసి ఇవ్వవచ్చు అని నేను గడగడా చెప్పేదాన్ని. ఆయన మురిసిపోయేవాడు. ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మూతి కాలుతుందని నాకప్పటికి తెలియదు.

మా పక్కింటి అక్కకు పెళ్లయిన కొద్దికాలానికే భర్త పోయాడు. లారీ మీద క్లీనరు. బొంబాయి రోడ్డు మీద ఆగి టైరు మారుస్తుంటే వెనక నుంచి ఇంకో లారీ వచ్చి కొట్టింది. ఆయన్ని మా సమాధుల తోటలో పెట్టినప్పుడు బిడ్డ ఇంకా కడుపులోనే ఉన్నాడు. పుట్టిన దగ్గర్నుంచీ వాడికి ఎప్పుడూ ఏదో ఒక జబ్బు. అక్క దవాఖానకు తిరిగింది, మందులు పోసింది. చివరికి ఎవరో చెబితే దర్గాకు వెళ్లి, వాడి చేతికి ఒక నల్లదారం కట్టించుకు వచ్చింది. బస్సు దిగుతుంటే సంఘంలోవాళ్లు ఎవరో చూశారు. సాయంత్రానికి ఆ మాట మా తాతయ్య చెవిన పడింది.

ఆయన కోప్పడలేదు. మా నాయనమ్మను పిలిచి, ఆ పిల్లవాడికి బాప్తిస్మం చేయిద్దాం, తెల్లబట్టతో అంగీ కుట్టమన్నాడు. నాయనమ్మ సంతోషంగా సూదీ దారం తీసింది. చేతులు పెట్టబోతుంటే వద్దన్నాడు.

“చేతులు లేకుంటనే కుట్టు. ఎండలు సూస్తలేవా? పసిపిలగానికి గాలాడాలె.”

ఆ అంగీని ఆయనే స్వయంగా తీసుకుపోయి అక్కకు ఇచ్చాడు. నేనూ వెంట వెళ్లాను. అక్క దాన్ని కళ్లకు అద్దుకుంది. ఆమెకు ఉన్న బెంగ ఒక్కటే. బిడ్డ బతికితే మంచిదే, బతకకపోతే మాత్రం తండ్రి పక్కన పడుకోవాలి. బాప్తిస్మం లేని బిడ్డకు సమాధుల తోటలో చోటు లేదు. గోడ అవతల, తుమ్మచెట్ల మధ్య పెట్టాలి. అది మా పెద్దలు పెట్టుకున్న కట్టుబాటు. దానికి కాపలా మా తాతయ్యే.

ఆదివారం అక్క బిడ్డకు ఆ తెల్ల అంగీ తొడిగి, మీద తువ్వాలు చుట్టి తెచ్చింది. అయ్యగారు బాప్తిస్మపు తొట్టిలో చెయ్యి ముంచి అరచేతిలో నీళ్లు తీసుకున్నారు. అప్పుడు తాతయ్య లేచాడు.

“జర ఆగున్రి అయ్యగారూ. ఆ తువ్వాల తియ్యమనున్రి.”

అక్కకు అప్పటికి అర్థమైంది. ఆ చేతుల్లేని అంగీ ఎందుకు కుట్టించాడో అప్పుడే నాయనమ్మకూ అర్థమైంది. నేను ఆమె పక్కనే కూర్చుని ఉన్నాను. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో నేను చూసింది ఆ రోజే. తువ్వాలు తీశారు. పుల్లలాంటి చేయి, దాని మీద నల్లదారం, అందరికీ కనబడ్డాయి.

తెంపమన్నాడు. ముడి గట్టిగా ఉంది. అక్క గోళ్లతో లాగింది, రాలేదు. చివరికి వంగి పళ్లతో కొరికి తెంపింది. బిడ్డ ఏడుస్తున్నాడు. సంఘమంతా చూస్తూ కూర్చుంది. దారం కింద పడేసి ఆమె బిడ్డను మళ్లీ అయ్యగారి వైపు చాపింది. తాతయ్య తల అడ్డంగా ఊపాడు.

“దారం తెగితే అయిపోదు బిడ్డా, మనసు తెగాలె. క్రిస్మస్ దాక సూద్దాం. అందాక నువ్వు ఎనక కూసో.”

“పిలగాని పానం బాగలేదు పెద్దయ్యా,” అంది అక్క.

అందరం అయ్యగారి వైపు చూశాం. ఆయన కోస్తా నుంచి వచ్చినవారు, ముగ్గురాడపిల్లల తండ్రి, నోట్లో వేలు పెట్టినా కొరకలేని మనిషి. అంతకు ముందున్న పాస్టరును మా తాతయ్య ఒక్క మాటతో ఎక్కడికో మారుమూలకు బదిలీ చేయించిన సంగతి ఆయనకు తెలుసు. ఆయన చెయ్యి దించారు. నీళ్లు వేళ్ల సందుల్లోంచి తొట్టిలోకే కారిపోయాయి. తాతయ్య పాట ఎత్తుకున్నాడు. ఆయన గొంతు చాలా మంచి గొంతు. అందరూ కలిసి పాడారు. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది అక్కడే, అందరూ కలిసి పాడారు.

వానలు పడకముందే ఆ బిడ్డ పోయాడు. ఆ రోజు పొద్దున్నుంచీ మేమంతా మా పెరట్లో విత్తనపు అల్లం ముక్కలు కోస్తున్నాం. నాయనమ్మ, నేను, కూలికి వచ్చిన ఆడవాళ్లు. తాతయ్య ఎదురుగా మంచం మీద కూర్చుని చూస్తున్నాడు. నాయనమ్మ లేచి నీళ్లు కూడా తాగలేదు, ఇల్లు కదల్లేదు. పొద్దెక్కాక పక్కింట్లోంచి ఏడుపు వినిపించింది. తాతయ్య కండువా భుజాన వేసుకుని లేచాడు. ఓదార్చడానికి కాదు, సమాధుల తోట గేటు దగ్గర నిలబడడానికి.

ఆయన వెనకే నేనూ వెళ్లాను. చాలాసేపటికి నలుగురు మనుషులు వచ్చారు, అక్క వచ్చింది. బిడ్డకు ఆ తెల్ల అంగీయే తొడిగి ఉంది. వాడికి ఉన్న కొత్తబట్ట అదొక్కటే. అయ్యగారు కబురందుకుని వచ్చి, అప్పుడే సైకిల్ దిగి, పుస్తకం పట్టుకుని గోడవారగా నిలుచున్నారు. తాతయ్య గోడ అవతలి తుమ్మచెట్లు చూపించాడు. అక్క ఏడవలేదు, బతిమాలలేదు. గేటు ముందు మట్టిలో కూర్చుండిపోయింది. అక్కడి నుంచి చూస్తే లోపల ఆమె భర్త సమాధి కనబడుతుంది.

అప్పుడు వచ్చింది మా నాయనమ్మ. చేతులకు అల్లం మట్టి అలాగే ఉంది.

“నీళ్లు నేను పోసిన,” అంది అయ్యగారితో. “పొద్దుగాల పానం పోతున్నదంటే పోయి పోసిన. తండ్రి పేరు మీద, కుమారుని పేరు మీద, పరిశుద్ధాత్మ పేరు మీద.”

అక్క తలెత్తి చూసింది. ఆమెకు తెలుసు. నాకు తెలుసు. తాతయ్యకు అందరికన్నా బాగా తెలుసు. పొద్దున్నుంచీ నాయనమ్మ ఆయన కళ్ల ముందే కూర్చుని ఉంది. కాని ఆ మాట అనాలంటే సంఘ పెద్ద తన భార్య అబద్ధాలకోరని పదిమందిలో చెప్పాలి. కక్కలేక మింగలేక ఆయన ముఖం నల్లబడింది. అయ్యగారు మాత్రం పుస్తకం తెరవకుండానే మాట్లాడారు.

“అమ్మగారు పోస్తే చెల్లుతుందండి. అది బాప్తిస్మమే. మళ్లీ పోయకూడదు కూడా.”

తాతయ్య అంత తేలిగ్గా వదలలేదు. నాయనమ్మ దగ్గరికి వచ్చి, పేరేం పెట్టినవ్ అని అడిగాడు. బాప్తిస్మంలో పేరు పెట్టాలి. ఆ పేరు తల్లి చెప్పేదానికి సరిపోకపోతే అబద్ధం అక్కడే బయటపడుతుంది.

“వాళ్ల నాయన పేరే,” అంది నాయనమ్మ.

అక్క అప్పుడు ఏడ్చింది. అవును, అదే పేరు అంటూ తల నేలకు ఆనించి ఏడ్చింది. తాతయ్య గేటు మీద నుంచి చెయ్యి తీశాడు.

ఇంటికి వస్తూ, నువ్వు పోలేదు గదా నాయనమ్మా అని అడిగాను. ఆమె నన్ను కసరలేదు.

“పోలే. అబద్ధమే. దాన్ని దేవుడు నా లెక్కల రాసుకుంటడు గాని, పిలగాని లెక్కల రాయడు.”

దేవుడి సంగతి నాకు తెలియదు గాని తాతయ్య మాత్రం రాసుకున్నాడు. తర్వాతి సంస్కారం ఆదివారం నాడు లేచి, బాప్తిస్మం ఇచ్చినవాళ్లు వెంటనే అయ్యగారికి చెప్పాలని, తన భార్య చెప్పకుండా దాచిందని, అందుకు ఆమె వెనక చాప మీద కూర్చోవాలని తీర్పు చెప్పాడు. ఆడిన అబద్ధానికి కాదు, చేయని బాప్తిస్మానికి శిక్ష వేశాడు. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. క్షమాపణ అడిగితే ముందుకు రావచ్చు. కాని క్షమాపణకు నిలబడితే ఆయన ప్రశ్నలు వేస్తాడు. ఒక్కొక్క ప్రశ్నతో లాగి, ఆ బిడ్డను మట్టిలోంచి తీయించి గోడ అవతల పెట్టిస్తాడు. అందుకని నాయనమ్మ ఎన్నడూ నిలబడలేదు. బతికినన్నాళ్లూ ఆ చాప మీదే కూర్చుంది. పక్కన అక్క కూర్చునేది, నిలబడితే ఆమెనూ అవే ప్రశ్నలు అడుగుతాడు కనుక. ఇంట్లో నాయనమ్మ ఆయనకు అన్నం వడ్డించేది, ఆయన తినేవాడు. ఆ విషయం మాత్రం ఇద్దరూ ఎత్తేవారు కాదు.

ఆమె పోయినప్పుడు చర్చి గంట కొట్టలేదు. చాప మీది మనిషికి గంట కొట్టరు, శవాన్ని చర్చి లోపలికి తేరు. అయ్యగారు వచ్చి అడిగినా తాతయ్య ఒప్పుకోలేదు. ఇంటి నుంచి నేరుగా సమాధుల తోటకు తీసుకుపోయాం. ఆయన దారి పొడుగునా ఏడుస్తూనే నడిచాడు. నిజంగానే ఏడ్చాడు. గంట మాత్రం కొట్టనివ్వలేదు. నేను ఆయన్ని క్షమించలేదు, క్షమించాలని కూడా లేదు.

ఇప్పుడు ట్రాక్టర్ల ఫ్యాక్టరీ మనుషులు, ఎక్కడెక్కడివాళ్లో వచ్చి మా సంఘం పెరిగింది. చర్చికి టైల్స్ వేశారు, చాపలు పోయి కుర్చీలు వచ్చాయి. నేను కమిటీలో ఉన్నాను, తాతయ్య కూర్చున్న చోటే కూర్చుంటున్నాను. చాప లేదు గాని చాప మీది మనుషులు ఇంకా ఉన్నారు. మొన్న రాయికోడ్ వైపు నుంచి ఒక చిన్న వయసు తల్లి చచ్చిపోయిన బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఆటోలో వచ్చి, సమాధుల తోటలో చోటు అడిగింది. ఆ అమ్మాయిని నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. దవాఖానలో ఎవరో నీళ్లు పోశారంటోంది. కమిటీలో చదువుకున్న ఒకాయన, పోసిందెవరు, చూసిందెవరు, సాక్షి కావాలి కదా అన్నాడు.

నేను ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి బిడ్డ పేరు అడిగాను. చెప్పింది. వెనక్కి తిరిగి, పోసింది నేనే, పేరు ఇదీ అని చెప్పి, గంట కొట్టమన్నాను.