చుట్టానికి చద్దన్నం

నా తెలివితక్కువతనం ముందే ఒప్పేసుకుంటే చదివేవాళ్ళు కాస్త జాలి చూపిస్తారని ఆశ. సముద్రాలు దాటి పని చేయడానికి వచ్చిన ఒక పెద్దమనిషిని ఆరు రోజులు కుర్చీకి కట్టేసింది నేనే. తాడుతో కాదు, మర్యాదతో. తాడైతే ఆయనే విప్పుకునేవాడు.

ఎనభైల నడిమి సంగతి. ఇంగ్లీషులో ఎమ్మే చదివి, నరసరావుపేటలో ఏమీ చేయకుండా ఉన్నాను. ఎమ్మేకీ ఏమీకీ పెద్ద తేడా లేదని మా నాన్న అప్పటికే కనిపెట్టాడు. ఆ చలికాలంలో పాస్టరు గారు నన్ను పిలిపించారు. గురజాల వైపు ఒక పల్లెలో ప్రార్థన మందిరం కట్టడానికి విదేశాల నుంచి ఆరుగురు విశ్వాసులు వస్తున్నారనీ, మూడు వారాలు వాళ్ళ దగ్గరుండి మాట సాయం చేయమనీ అడిగారు. ఒప్పుకున్నాను. మాటకు నా దగ్గర ఏనాడూ కొరత లేదు. కొరతంతా సాయం దగ్గరే.

గుంటూరులో మాచర్ల బండి ఎక్కించి, నడికుడిలో దింపి, అక్కణ్ణుంచి ట్రాక్టరు మీద ఊరికి చేర్చాను. ఆరుగురిలో ఇద్దరు నర్సులు, ముగ్గురు పిల్లలకు పాటలు నేర్పే అమ్మాయిలు. ఆరో ఆయన అరవై దాటిన వడ్రంగి. సామాను మధ్య ఒక తోలు సంచి ఉంటే నేను అందుకోబోయాను. ఆయన ఇవ్వలేదు. ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు.

ఊరంతా మందిరం పునాది చుట్టూ చేరింది. జనాన్ని చూస్తే నాకు గొంతు లేస్తుంది. "వీళ్ళు మన చుట్టాలు. ఇంత దూరం వచ్చిన చుట్టం చేతికి మట్టి అంటిందంటే పోయేది వాళ్ళ పరువు కాదు, మన ఊరి పరువు!" అన్నాను. చప్పట్లు మోగాయి. ఏమన్నావని వడ్రంగి అడిగితే, మీకు స్వాగతం చెప్పానన్నాను. అదీ అబద్ధం కాదు.

మర్నాడే కుర్చీ వచ్చింది. ఊళ్ళో చేతుల కుర్చీ ఒక్కటే ఉంది, కరణం గారింట్లో. అప్పటికి కరణీకం పోయింది, కుర్చీ మిగిలింది. దొరగారి కోసమని వాళ్ళు సంతోషంగానే ఇచ్చారు. ఊళ్ళో ప్రార్థనకు గంట కొట్టే తాత దాన్ని నెత్తిన పెట్టుకుని వడ్రంగి వెనకే తిరిగేవాడు. ఆయన ఎక్కడ ఆగితే అక్కడ కుర్చీ దిగేది. రాయి మీద చెయ్యి వేస్తే రాయి మాయమై కింద కుర్చీ ఉండేది. తెల్లవారుజామున ఆయన చెంబు పట్టుకుని చెలక వైపు బయలుదేరినా తాత కుర్చీతో వెంటపడబోతే, ఆ ఒక్క ప్రయాణం మాత్రం నేనే ఆపాను.

మిగతా వాళ్ళకు ఎవరి పని వాళ్ళకుంది. పొద్దున్నే ప్రార్థన, తర్వాత కాచి చల్లార్చిన నీళ్ళు, ఉడికించిన గుడ్లు, బస్సులో వచ్చేసరికి అట్టలా మారిన బ్రెడ్డు. దొరలు కారం తినరని వంటవాళ్ళకు చెప్పిందీ నేనే. నర్సులు బడి వరండాలో పుళ్ళకు మందులు వేసేవాళ్ళు. అమ్మాయిలు వేపచెట్టు కింద పాటలు నేర్పేవాళ్ళు. నేను వరండాకీ చెట్టుకీ మధ్య తిరుగుతూ తర్జుమా చేసేవాణ్ణి. వడ్రంగి ఒక్కడే చేతులు ఒళ్ళో పెట్టుకుని, గోడ పైకి లేవడం చూస్తూ కూర్చునేవాడు.

ఆరో రోజు సాయంత్రం తోలు సంచి విప్పి నాకు చూపించాడు. చిత్రిక, ఉలి, తాపీ, గోడ నిలువు చూసే తూకంగుండు. అన్నీ వాళ్ళ నాన్నవట. భార్య పోయాక రెండేళ్ళు తను ఇంట్లో కుర్చీలోంచి లేవలేదని చెప్పాడు. "లేవడానికే ఇంత దూరం వచ్చాను. ఒక్క గోడలోనైనా నా చెయ్యి ఉండాలి. లేకపోతే ఇంటికెళ్ళి మళ్ళీ ఆ కుర్చీలోనే కూర్చుంటానని భయంగా ఉంది" అన్నాడు.



వెంటనే తాపీ మేస్త్రీ దగ్గరికి పరుగెత్తాను. ఆయన ససేమిరా అన్నాడు. "నువ్వే గందయ్యా పరువన్నది? దొరచేత రాళ్ళు మోయించారంటే పక్కూరోళ్ళు మా మొహాన ఉమ్మరా?"

"నేను తెలీక అన్నాను."

"తెలీకుండానే అంత గట్టిగా అరిచావా?"

ఇక మిగిలింది రాళ్ళు మోసే ఆడవాళ్ళకు పెద్ద దిక్కయిన ముసలమ్మ. మేస్త్రీ కూడా ఆమె మాట దాటడు. నన్ను నఖశిఖపర్యంతం ఎగతాళి చేయడం ఆమెకు మధ్యాహ్నపు కాలక్షేపం. సంగతంతా చెప్పాను. ఆయన ఇంట్లో కుర్చీ సంగతి దగ్గరకొచ్చేసరికి ఆమె నవ్వడం మానేసింది.

"పెళ్ళాం పోయిందా పాపం? అక్కచెల్లెళ్ళున్నారా?"

"ఎవరూ లేరంట."

"ఎందుకు లేరూ?" అని తట్ట బోర్లించి లేచింది. "రేపు పొద్దున్నే మా ఇంటికి తోలుకురా. గుడ్లూ గిడ్లూ పెట్టమాక. కడుపు కాళీగా ఉండాల."

పొద్దున్నే వెళ్ళాం. గంట తాత కుర్చీ తెస్తే ముసలమ్మ గుమ్మంలోనే ఆపేసింది. వడ్రంగిని వాకిట్లో చాప మీద కూర్చోబెట్టి, సత్తు గిన్నెలో రాత్రి అన్నం మజ్జిగతో పిసికి, పక్కన ఉల్లిపాయా గోంగూర పచ్చడీ పెట్టి ముందుకు తోసింది. నర్సులిద్దరూ మాత్రల డబ్బా పట్టుకుని ఊపిరి బిగబట్టారు. ఆయన వేలితో పచ్చడి తీసుకున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ముక్కు తుడుచుకుని మళ్ళీ తీసుకున్నాడు. గిన్నె అడుగు కనిపించేదాకా తిని, ఇంకా ఉందా అన్నట్టు చూశాడు. ఆరు రోజులు బ్రెడ్డు తిన్న మనిషి ఆకలి ఎలా ఉంటుందో ఆ చూపులో నాకు తెలిసింది.

ముసలమ్మ ఆయన్ని చెయ్యి పట్టుకుని మందిరం దగ్గరికి తీసుకొచ్చింది. అందరూ చేరాక అడిగింది.

"చుట్టానికి ఎవురన్నా చద్దన్నం పెడతారంటే?"

"ఎవురు పెడతారత్తా, సిగ్గుపోదా?" అన్నారు ఆడవాళ్ళు.

"మరి ఎవురికి పెడతారు?"

"ఇంటోళ్ళకే."

"ఇప్పుడే మా ఇంట్లో గిన్నెడు చద్దన్నం తిన్నాడు. కావాలంటే ఆ ముక్కు చూడండి, ఎట్టా ఎర్రబడిందో. ఈడు చుట్టం కాదు, నా తమ్ముడు. నా తమ్ముడు పని చేస్తే పక్కూరోళ్ళకేంది, పై ఊరోళ్ళకేంది?" అని ఆయన వైపు తిరిగింది. "ఒరేయ్ తమ్ముడా, చూస్తావేందిరా? రాయి పట్టు!"

నేను తర్జుమాకు నోరు తెరిచేలోపే ఆయన రాయి పట్టాడు.

మేస్త్రీ కాసేపు మొహం ముడుచుకున్నాడు. వడ్రంగి సంచిలోంచి తూకంగుండు తీసి గోడకు వేలాడదీశాక, తనదీ తెచ్చి పక్కనే వేలాడదీశాడు. రెండూ కాసేపు ఊగి ఒకేలా ఆగాయి. మేస్త్రీ తల ఊపాడు. ఆ తర్వాత ఇద్దరికీ నాతో పని పడలేదు. ఒకరు వేలు చూపిస్తే ఇంకొకరు రాయి జరిపేవారు. ఆయన నేర్చిన తెలుగు మొత్తం ఒక్క ముక్క, "అక్కా". దానితోనే నీళ్ళు అడిగేవాడు, సున్నం అడిగేవాడు, ఎండ ఎక్కువైందని ఫిర్యాదు చేసేవాడు. రోజూ పొద్దున్నే గిన్నె ముందు హాజరు.

అలా కుర్చీ ఖాళీ అయింది. ఖాళీగా ఉన్న రెంటినీ ముసలమ్మ కలిపింది.

"ఏంది అబ్బాయ్, నుంచున్నావ్? కూకో. ఇంక ఈ ఊళ్ళో చుట్టమంటే నువ్వొక్కడివే."

ఊరికే ఉండలేక ఒక తట్ట ఎత్తబోతే ఆడవాళ్ళు లాగేసుకున్నారు. "అయ్యో, ఎమ్మే చదివిన చేతులు! కందిపోవూ?" మిగిలిన రోజులన్నీ గంట తాత కుర్చీ నెత్తిన పెట్టుకుని నా వెనకే తిరిగాడు. వడ్రంగి గోడ మీద నుంచి నన్ను చూసి మర్యాదగా టోపీ తీసేవాడు. ఆ మర్యాద ఎంత బరువో అప్పుడు తెలిసింది.

గోడలు లేచాయి. పైన నాపరాళ్ళు పరిచారు. ద్వారబంధం, తలుపు రెక్కలు పూర్తిగా వడ్రంగి చేతివే. ప్రతిష్ఠ నాడు మేస్త్రీ ఆయన్ని ముందుకు నెట్టాడు. తలుపు నొక్కితే కిర్రుమనకుండా తెరుచుకుంది. ఆయన గడప పక్కన, తను పేర్చిన గోడ మీద అరచెయ్యి ఆనించాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, ఊరెళ్ళగానే తమ వీధిలో ఒక ముసలాయన ఇంటి మెట్లు తను బాగుచేస్తానని మాట ఇచ్చిన సంగతి గుర్తొచ్చిందని చెప్పాడు.

ఇక పాస్టరు గారు ముఖ్య అతిథిని కూర్చోమన్నారు. జనం ముందు ఆ కుర్చీ. వడ్రంగి అడ్డంగా తల ఊపాడు. నాకు మళ్ళీ గొంతు లేచింది.

"ఈరోజు మన చుట్టం ఆవిడ!" అని డేగిసాల దగ్గర గరిటె తిప్పుతున్న ముసలమ్మను చూపించాను. "ఆమె చేత గరిటె పట్టించారా, పోయేది మన ఊరి పరువు!"

మూడు వారాలు ఆమె చేత మాటలు పడ్డ ఆడవాళ్ళు రెండో మాట చెప్పించుకోలేదు. ఇద్దరు రెక్కలు పట్టుకున్నారు. కుర్చీ తమ్ముడే తెచ్చి వేశాడు. పల్లె మనిషి ఎవరూ అందులో కూర్చోగా నేను అంతకు ముందు చూడలేదు. ఆమె అంచు మీద కూర్చుంది, వేడి పెనం మీద కూర్చున్నట్టు.

"అన్నం మాడతందిరా నీ నోట్లో మన్నుపడ! నన్ను లెయ్యనీ!"

"చుట్టానికి పొయ్యితో పనేంది పెద్దమ్మా?" అన్నాను.

మూడు పాటలు, రెండు ప్రసంగాలు, ఒక దీర్ఘ ప్రార్థన. లేచిన ప్రతిసారీ ఎవరో ఒకరు భుజం నొక్కారు. రెండో ప్రసంగం మధ్యలో ఆమె వీపు నెమ్మదిగా కుర్చీకి ఆనింది. చేతులు కుర్చీ చేతుల మీదికి చేరాయి. నేను చూస్తున్నానని గమనించి మళ్ళీ ముందుకు జరిగింది.

భోజనాలప్పుడు మొదటి విస్తరి ఆమె ముందే వేశారు. పొగలు కక్కే అన్నం వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టింది. చద్దన్నం తిన్నవాళ్ళు చుట్టాలు కారన్న న్యాయం ఆమెకు నాకంటే బాగా తెలుసు.

"నాకు ఇది వద్దు. ఎవురింట్లోనన్నా చద్దన్నం ఉంటే తెండే!"

ఆడవాళ్ళు ఇళ్ళకు పరుగెత్తారు. ఉత్త చేతులతో తిరిగొచ్చారు. ఆ పొద్దున తెల్లవారకముందే ఊళ్ళోని ప్రతి గడపా తొక్కి, ఉన్న చద్దన్నం చివరి మెతుకు దాకా నేనూ, ఆమె తమ్ముడూ కలిసి తినేసి వచ్చాం.